అట్టకొండ, కెమెరా, పటం

కొండను ఫోటో తీయటం వేరు, కొండ బొమ్మను ఫోటో తీయటం వేరు. మొదటిపని విమానాలూ ఉపగ్రహాలూ చేస్తూ వచ్చాయి, ఈమధ్య డ్రోన్లు చేస్తున్నాయి. ఆ పనికి కొండమీద బతికే మనిషితో అవసరం లేదు. అతను తలెత్తి చూడకపోయినా ఫోటో పడుతుంది. రెండవపనికి ముందుగా పదిమంది కూర్చుని కొండను తయారు చెయ్యాలి. ఇది గెడ్డ, ఇది మా పొలం, ఇది మా తాత పాతుకున్న చింత అని ఒకరితో ఒకరు తగువుపడాలి. ఆ తగువు తేలిన తర్వాతనే కెమెరా వస్తుంది. నేను రాయదలచుకున్నది ఈ రెండవ పనిని గురించి. ఇది సాంకేతిక విషయం గదా, సాహిత్యవిమర్శకు పెట్టుకున్న పత్రికలో దీనికేమి చోటు అనే మిత్రులు వుంటారు. పటం కూడా ఒక రచనే. దానికి కర్త వున్నాడు, పాఠకుడు వున్నాడు, చెప్పిన సంగతీ చెప్పక దాచిన సంగతీ వున్నాయి. నవల చదివేటప్పుడు ఇది ఏ వర్గం దృష్టి అని అడగటం నేర్చుకున్న మనం, పటం ముందుకు వచ్చేసరికి ఆ ప్రశ్న మరిచిపోతాం. నదులూ పర్వతాలూ తమంతట తామే వచ్చి కాగితంమీద పడుకున్నట్టు చూస్తాం. ఇరవయ్యేళ్లుగా డిగ్రీ పిల్లలకు భూగోళం చెబుతున్నవాణ్ణి. ఈ మరపు తరగతిగదిలోనే మొదలవుతుందని నాకు తెలుసు.

పద్ధతి ఏమిటో ముందు చెప్పాలి. సర్వేవారి పటంలో ఒకే ఎత్తున వున్న చోట్లను కలుపుతూ గీసిన గీతలను కాంటూరు రేఖలంటారు. ఆ పటాన్ని పెద్దదిచేసి, ఒక్కొక్క కాంటూరునూ కార్బన్ కాగితంతో అట్టమీదికి దించి, కత్తిరించి, ఒకదానిమీద ఒకటి మెట్లు మెట్లుగా అంటిస్తారు. పైన పల్చగా కాగితపు గుజ్జు రాస్తే మెట్లు కలిసిపోయి కొండ దిగుతుంది. ఇంతవరకూ బడిపిల్లల పని. తర్వాత ఊరి పెద్దలు వస్తారు. చోటుకు గుండుసూది, దారికీ గెడ్డకూ హద్దుకూ ఊలుదారం, అడవికీ పోడుకూ ఊడుపునేలకూ రంగు. ఏ రంగు దేనికో ముందుగా వాళ్లే ఒప్పుకుని పట్టిక రాయిస్తారు. ఆపైన నమూనామీద పది సెంటీమీటర్లకొక దారం చొప్పున నిలువుగా, అడ్డంగా గళ్లు కట్టి, ఒక్కొక్క గడినీ నిట్టనిలువుగా పైనుంచి ఫోటో తీస్తారు. ఆ ఫోటోలను కంప్యూటరులో అతికి, భూమిమీది అక్షాంశ రేఖాంశాలకు తగిలించి, సూదిని సూదిగా, దారాన్ని దారంగా మళ్లీ గీస్తే డిజిటల్ పటం తయారవుతుంది.

వినటానికి తేలికే. చెయ్యబోతే కెమెరా ఎంత మోసకత్తెయో తెలుస్తుంది. మేము చేసిన నమూనా స్కేలు 1:5,000. సెంటీమీటరుకు 50 మీటర్లు. 400 మీటర్ల ఎత్తు కొండ నమూనాలో ఎనిమిది సెంటీమీటర్లు లేస్తుంది. కెమెరాను మీటరున్నర ఎత్తున కట్టి, దాని నడిమధ్యకు నలభై సెంటీమీటర్ల దూరాన ఆ కొండకొమ్ము వుందనుకోండి. ఫోటోలో ఆ కొమ్ము రెండు సెంటీమీటర్లకు పైగా బయటికి జరిగి పడుతుంది. నేలమీద అది నూరు మీటర్ల పైమాట. అంటే ఒక్క ఫోటోతో సరిపెట్టుకుంటే, కొండమీది గుడిరాయి పక్క ఊరి పొలంలోకి నడిచిపోతుంది. అందుకని అరవై పైచిలుకు ఫోటోలు, ఒక్కొక్కటి పక్కదానిమీద సగానికి పైగా కప్పుతూ తీశాం. ప్రతిదానిలో నడిమి భాగాన్నే నమ్మాం. ఒకే సూది నాలుగైదు ఫోటోలలో కొంచెం కొంచెం పక్కకు జరిగి కనిపిస్తుంది. ఆ జరుగుడును లెక్కగట్టే కంప్యూటరు ఎత్తును కూడా తిరిగి రాబట్టగలదు. మన రెండు కళ్లూ చేసే పని ఇదే. ఎండ తగలని వరండాలో, నీడ పడని వెలుతురులో తీయాలి. నీడ పడితే లోయలోని నీలిదారం నల్లదారమై కూర్చుంటుంది.

నీడ మాట వచ్చింది గనక, నీడ కోసమే నమూనాలను ఫోటో తీసినవాళ్ల సంగతి కూడా చెబుతాను. జర్మనీలో కార్ల్ వెన్షో అనే ఆయన కొండల నమూనాలను గచ్చులో చెక్కించి, ఏటవాలు దీపం కింద ఫోటో తీసి, ఆ ఫోటోను బడి పటాల అచ్చులో కలిపేవాడు. పటం చూసిన పిల్లవాడికి ఆల్ప్స్ కొండలు కాగితంలోంచి పైకి లేచినట్టు కనిపించేవి. దీపాన్ని పటానికి ఎడమవైపు పైమూల పెట్టేవారు, అనగా వాయవ్యదిశ. యూరపులో నడిపొద్దు సూర్యుడు ఎన్నడూ ఆ దిక్కున వుండడు. కాని దీపం కిందినుంచి పెడితే మన కళ్లకు కొండలు గుంటలుగా, గుంటలు కొండలుగా తారుమారవుతాయి. పాఠ్యపుస్తకాలలో మనం చూసి “సహజంగా వుంది” అనుకునే కొండకు వెలుగు ఆ విధంగా అమరింది. పిల్లలకు ఇది చూపించినప్పుడు వాళ్లు మొదట నవ్వారు, తర్వాత తమ పాఠ్యపుస్తకంలోని పటాన్ని అనుమానంగా తిరగేశారు. ఆ అనుమానం నాకు పాఠంకంటే విలువైనదిగా తోచింది.

భూమి నమూనా చెయ్యటం ప్రజల కళగా పుట్టలేదు. ఫ్రాన్సులో 14వ లూయీ యుద్ధమంత్రి లువ్వా 1668లో కోటపట్టణాల నమూనాలు చేయించటం మొదలుపెట్టాడు. స్కేలు 1:600. ప్రతి ఇల్లూ, ప్రతి కందకమూ, ఫిరంగి గుండు ఎంతదూరం పోతుందో అంతవరకు చుట్టుపక్కల పొలాలూ అందులో వుంటాయి. రాజుగారూ సేనానులూ నమూనా చుట్టూ తిరిగి ముట్టడి ఎటునుంచి వస్తుందో చూసుకునేవారు. సామాన్యులకు ప్రవేశం లేదు, ఎందుకంటే అది సైనిక రహస్యం. ఇప్పుడవి పారిస్ ఇన్వాలీడ్స్ భవనంలో మ్యూజియంగా వున్నాయి. టిక్కెట్టు కొని ఎవరైనా చూడవచ్చు. ఆ పొలాలు దున్నిన రైతు ఆనాడు ఆ నమూనాను చూసి వుండడు. చూస్తే, తన చేను ఎవరి గురిలో వుందో అతనికి తెలిసిపోయేది.

స్విట్జర్లాండు కథ ఇంతకంటే రుచిగా వుంటుంది. లూసెర్న్ పట్టణంవాడు ఫ్రాంజ్ లుడ్విగ్ ఫీఫర్, ఫ్రెంచి సైన్యంలో సేనానిగా పనిచేసి వచ్చి, 1762 నుంచి 1786 వరకు తన దేశపు నడిమి కొండల నమూనా చేశాడు. సుమారు 26 చదరపు మీటర్లు. కర్ర, గచ్చు, మైనం వంటివి వాడాడు. కొలతల కోసం ఆయనే కొండలెక్కేవాడు. అక్కడి రైతులు ఆయన్ను గూఢచారి అనుకుని పట్టుకున్నారనీ, వాళ్ల కంటబడకుండా వెన్నెల రాత్రుల్లో కొలుచుకోవలసి వచ్చిందనీ ఆనాటి ఇంగ్లీషు యాత్రికుడు విలియం కాక్స్ రాశాడు. చదువుకున్నవాళ్లు ఈ కథ చెప్పి రైతుల అజ్ఞానానికి నవ్వుతారు. నాకు మాత్రం ఆ రైతులు చాలా తెలివైనవాళ్లనిపిస్తుంది. తమ కనుమదారులు కాగితమెక్కితే ఆ దారినే సైన్యాలు కూడా ఎక్కుతాయని వాళ్లు గ్రహించారు. ఫీఫర్ నమూనా ఇప్పటికీ లూసెర్న్‌లో వుంది. ఈ శతాబ్దం మొదటి సంవత్సరాలలో జ్యూరిచ్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు దాన్ని అనేక కోణాల నుంచి ఫోటోలు తీసి కంప్యూటరులో త్రిపరిమాణ రూపం కట్టారు. నేటి పటాలతో పోల్చి ఆయన కొలతలు ఎంతవరకు సరిగా వున్నాయో లెక్కవేశారు. మంచి పరిశోధనే. కాని వెన్నెట్లో కొలిచినవాడి తప్పొప్పులు తేల్చారుగాని, ఆ వెన్నెలకు కారణమైనవాళ్లు దాచదలచుకున్నదేమిటో తేల్చే సాధనం ఏ కెమెరాలోనూ లేదు.

రాజుల చేతిలోని ఈ పని ప్రజల చేతికి ఎప్పుడు వచ్చింది? ఫిలిప్పీన్సులో 1990ల నుంచీ కొండజాతుల ఊళ్లలో ఇలాంటి నమూనాలు చేయించిన ప్రయోగాలున్నాయి. జాకొమో రాంబాల్డీ మొదలైనవారు ఆ పద్ధతిని పుస్తకాలుగా రాసి ప్రచారం చేశారు. ఆ దేశంలో 1998లో వచ్చిన ఒక చట్టం సర్వేపనిని లైసెన్సున్న ఇంజనీర్ల పనిగా చేసింది. అంతకు ముందు సంవత్సరమే, 1997లో, ఆదివాసులకు తమ పూర్వీకుల భూములమీద హక్కు వుందని మరో చట్టం వచ్చింది. ఒక చట్టం నీ భూమి నీదంటుంది. ఇంకొక చట్టం ఆ భూమిని కొలిచే చెయ్యి నీది కాదంటుంది. అలాంటి చోట అట్టతో చేసిన కొండ ఒక సందు. 2001లో అక్కడి పర్యావరణశాఖ రక్షిత ప్రాంతాల ప్రణాళికలలో ఈ పద్ధతిని సర్క్యులరు ద్వారా ఆమోదించింది. ఆమోదం మంచిదే. అయితే సర్కారు ఆమోదించిన క్షణం నుంచీ ఇది సర్కారుకు కూడా పనికివస్తుందని గుర్తుంచుకోవాలి.

కెన్యాలో మావ్ అడవుల ఓగియెక్ జాతి సంగతి చూడండి. వాళ్లు తేనె మీదా వేట మీదా బతికిన అడవి మనుషులు. బ్రిటిషు పాలనలో 1930లలో కూర్చున్న భూమి కమిషన్ వాళ్లకంటూ వేరే భూమి అక్కరలేదని, ఇతర జాతుల రిజర్వులలో కలిపేయమని చెప్పింది. స్వాతంత్ర్యం వచ్చాక పాలకుల రంగు మారిందిగాని అడవి గెజెట్టు మారలేదు. 2006లో నెసూయిట్ అనే చోట 21 ఓగియెక్ వంశాలకు చెందిన వందమందికి పైగా స్త్రీపురుషులు కూడి తూర్పు మావ్ అడవి నమూనా చేశారు. 1:10,000 స్కేలుమీద 576 చదరపు కిలోమీటర్లు. దాదాపు ఆరు చదరపు మీటర్ల బల్ల అన్నమాట. కొండను బడిపిల్లలు కట్టారు. ముసలివాళ్లు దానిమీద తమకు తెలిసిన 1920ల నాటి అడవిని నిలబెట్టారు: ఏ వంశం హద్దు ఎంతవరకు, తేనెతొట్టెలు ఎక్కడ, ఏ చెట్లు ఏ ఎత్తున. ఉపగ్రహానికి ఆ అడవి ఎన్నటికీ దొరకదు, ఎందుకంటే అది నరికేశారు. ఆ నమూనాను ఫోటోలు తీసి డిజిటల్ పటంగా మార్చారు.

తర్వాత ఏమైంది? 2009 అక్టోబరులో అటవీశాఖ ముప్పయి రోజులలో మావ్ అడవి ఖాళీ చెయ్యమని నోటీసు ఇచ్చింది. కేసు ఆఫ్రికా మానవహక్కుల న్యాయస్థానానికి పోయింది. 2017 మే 26న ఆ కోర్టు ఓగియెక్‌ల హక్కులను కెన్యా ప్రభుత్వం భంగపరిచిందని తీర్పు చెప్పింది. 2022 జూన్ 23న నష్టపరిహారమూ, భూమికి హద్దులు వేసి సామూహిక పట్టా ఇవ్వాలనీ ఆదేశించింది. 2023 నవంబరులో మావ్‌లో మళ్లీ ఇళ్లు కూల్చారు. నమూనావల్ల తీర్పు వచ్చిందని నేను అనను. తీర్పుకు వెనక దశాబ్దాల పోరాటం వుంది. తీర్పువల్ల భూమి వచ్చిందని కూడా ఎవరూ అనలేరు. పటం వుంటే చాలునని మురిసే స్వచ్ఛందసంస్థల నివేదికలు చదివినప్పుడల్లా నాకు ఆ 2023 నవంబరు గుర్తుకు వస్తుంది.

ఇక మా నమూనా. తూర్పుకనుమలలో ఒక కొండదొరల ఊరు. పేరు రాయను; ఎందుకో ముందుకు చదివితే తెలుస్తుంది. మా కళాశాలలో చదివే ఆ ఊరి కుర్రాళ్లు ఇద్దరు, అటవీహక్కుల చట్టం కింద ఊరుమ్మడి అడవికి దరఖాస్తు పెట్టదలచి, పటం ఎలా గీయాలని వచ్చారు. 2006 నాటి ఆ చట్టానికి రాసిన నియమాలలో సాక్ష్యాల జాబితా వుంది. పెద్దల వాఙ్మూలం కూడా సాక్ష్యమే. 2012 సవరణ ఇంకొక అడుగు ముందుకు వేసి, ఉపగ్రహచిత్రాలు మిగతా సాక్ష్యాలకు తోడుగా వుండవచ్చుగాని వాటికి బదులు కావని స్పష్టంగా చెప్పింది. ఈ మాట మన మాస్టర్లలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానం. అందుచేత ముసలివాళ్ల మాటకు ఒక ఆకారం ఇవ్వాలనుకున్నాం. సర్వే పటంలో అక్కడ 20 మీటర్లకొక కాంటూరు. మా స్కేలులో 20 మీటర్లంటే నాలుగు మిల్లీమీటర్లు. కిరాణాకొట్ల అట్టపెట్టెల మందం ఇంచుమించు అంతే. బజారంతా తిరిగి సబ్బుల పెట్టెలూ బిస్కట్ల పెట్టెలూ పోగుచేశాం. నిజం చెప్పాలంటే ఆ కొండ సగం సబ్బు వాసన వేసేది.

ఊరి బడి వరండాలో నాలుగురోజులు పని జరిగింది. మొదటిరోజు మగవాళ్లు వచ్చి హద్దులు వేశారు. ఎర్ర ఊలు చుట్టూ తిరిగింది; కొండ ఎవరి ఆస్తిపత్రమో అన్నట్టు అయింది. రెండోరోజు ఆడవాళ్లు వచ్చి నిలబడి చూశారు. ఒకామె అంది: “మేం అడ్డాకులకి పోయే తోవ ఏదండీ? తోవే లేదు మీ కొండకి.” ఆ మధ్యాహ్నానికి పచ్చదారాలు మొలిచాయి. అడ్డాకుల తోవ, దుంపలు తవ్వే వాలు, ఎండాకాలం నీళ్లకు దిగే ఊట, కొండచీపుళ్లు దొరికే గట్టు. మగవాళ్లు రెండు గెడ్డలు చూపించిన చోట ఆడవాళ్లు ఐదు చూపించారు. నీళ్లు మోసేవాళ్లు వాళ్లు గనక. భూమి గురించిన జ్ఞానం శ్రమ నుంచి పుడుతుందని మనం సభలలో చెప్పుకుంటాం. ఎవరి శ్రమ అనే దగ్గర ఆగిపోతాం. మూడోరోజు కుర్రాళ్లు ఒక కొమ్ముమీద వెండిరంగు సూది గుచ్చుతామన్నారు. ఏముందిరా అక్కడ అంటే, ఫోను మాట్లాడటానికి సిగ్నలు దొరికే బండ అట. పెద్దలు నవ్వారు. కాని నెల తిరక్కుండా వున్న పురిటి కేసుకు అంబులెన్సును పిలిచింది ఆ బండ ఎక్కేనని ఒక తల్లి చెప్పింది. ఆ సూది సంకేతాల పట్టికలోకి ఎక్కింది.

ఒక చోట మాత్రం చేతులు ఆగిపోయాయి. ఊరికి దిగువన జీడిమామిడి తోట వుంది. దాన్ని ఏ రంగులో వెయ్యాలి? ఎవరిది అని రాయాలి? వరండా ఒక్కసారిగా మౌనమైంది. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుడికి బదిలీ కాకూడదని 1970లో సవరించిన 1959 నాటి రెగ్యులేషన్ వుంది. అందరూ దాన్ని 1/70 చట్టమంటారు. కాగితంమీద ఆ తోట ఊరివాళ్లదే. పంట ఎవరు తీసుకుపోతారో, ఏ అప్పు కింద తీసుకుపోతారో అందరికీ తెలుసు. ఆ షావుకారు ఊళ్లో లేడు. అయినా ఆ వరండాలో వున్నాడు. కాసేపటికి ఒక పెద్దాయన “అది వొదిలీండి మాస్టారూ” అన్నాడు. వదిలేశాం. అక్కడ రంగు లేదు, సూది లేదు, దారం లేదు. అట్ట అట్టలా వుంది. ప్రజలే చేసిన పటం గనక అందులో నిజమంతా వుంటుందని నమ్మే మిత్రులకు నేను ఈ జాగా చూపిస్తాను. అప్పున్న చోట నోరు లేవదు, సూది కూడా లేవదు.

నాలుగోరోజు ఫోటోల రోజు. దూలానికి వెదురుబొంగు కట్టి, దానికి సెల్‌ఫోను కట్టి, కింద దారాల గళ్లు బిగించాం. అప్పుడు పైన చెప్పిన పెద్దాయనే దగ్గరికి వచ్చి అడిగాడు: “ఈ బొమ్మ దీంట్లోంచి ఎక్కడికి పోతాదండీ?”

“ముందు కంప్యూటరులోకి తాతా, తర్వాత దరఖాస్తుతో ఆఫీసుకు.”

“ఆఫీసు నుంచి?”

నా దగ్గర జవాబు వుంది, అది ఆయనకు నచ్చేది కాదు. ఫైలు ఒక కంప్యూటరు నుంచి ఇంకొక కంప్యూటరుకు పోవటానికి ఎవరి అనుమతీ అక్కరలేదని చెప్పాను. ఆయన ఇంకో ఇద్దరు ముసలివాళ్లను పిలిచాడు. ముగ్గురూ వంగి, నమూనాలోంచి పదకొండు సూదులు ఊడదీశారు. దేవత రాయి ఒకటి, మందుచెట్ల చోట్లు కొన్ని, రెండు ఊటలు, ఎర్రరాయి బయటికి తేలిన గట్టు ఒకటి. “రాయి ఎక్కడుందో సూపితే రాయి కోసం వొస్తారండీ,” అన్నాడు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఈ కనుమలలో గనుల లీజుల మీద పోరాడి 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు తెచ్చుకున్న ప్రాంతమిది. ఫోటోలు అయ్యాక సూదులు మళ్లీ పాత చిల్లుల్లోనే గుచ్చారు. దాచవలసినదాన్ని ఫోటోకు ముందు తీసేయవచ్చునని ఈ పద్ధతి గ్రంథాలలో కూడా రాసివుంది. ఆ ముసలివాళ్లు గ్రంథం చదవలేదు. స్విట్జర్లాండు రైతుల గురించీ వినలేదు. నాకు మాత్రం ఆ వంగిన వీపులు చూస్తుంటే ఫీఫర్ వెన్నెల గుర్తొచ్చింది.

ఇందువల్ల నేను గ్రహించినదేమంటే, నమూనాకూ పటానికీ మధ్య యాజమాన్యం మారే క్షణం ఆ ఫోటో క్షణమే. అట్టకొండ బరువుగా వుంటుంది. ఊరు దాటి పోవాలంటే నలుగురు మోయాలి, ఊరంతా చూస్తుంది. దాని చుట్టూ నిలబడ్డవాళ్లలో ఎవరైనా సూది తీసి పక్కన గుచ్చవచ్చు, అందరిముందూ తగువు పెట్టుకోవచ్చు. ఫైలు గోరంత చిప్పులో పడుతుంది. దాన్ని దిద్దటానికి చదువు, కరెంటు, కంప్యూటరు కావాలి. ఆ మూడూ వున్నది మా బోటివాళ్ల దగ్గర. అంతవరకు చేతులతో మాట్లాడినవాళ్లు ఆ తర్వాత మమ్మల్ని అడిగేవాళ్లవుతారు. “ప్రజల భాగస్వామ్యం” అనే మాట నివేదికలలో తరచు వినిపిస్తుంది. ఏ దశవరకు భాగస్వామ్యం, ఏ దశనుంచి దరఖాస్తు? మేము చేసుకున్న ఏర్పాటు చిన్నది: ఫైలు మూడు ప్రతులు, అందులో ఒకటి ఊరి కుర్రాళ్ల దగ్గర, అతికిన ఫోటోను పెద్ద గుడ్డమీద అచ్చువేయించి బడిగోడకు తగిలించటం, గ్రామసభ తీర్మానం లేనిదే ఎవరికీ ఫైలు ఇవ్వకపోవటం. ఇదేమీ విప్లవం కాదు. తాళంచెవి ఒక్కరి జేబులో లేకుండా చూడటం, అంతే.

అధికారుల అభ్యంతరాన్ని కూడా న్యాయంగా చూడాలి. ఒక కార్యాలయంలో మా పటం చూసిన ఉద్యోగి, “గుండుసూది తలకాయ ఎంత మాస్టారూ?” అని అడిగాడు. ఎగతాళికి అడిగినా, ప్రశ్న మంచిది. నాలుగు మిల్లీమీటర్లు; నేలమీద ఇరవై మీటర్లు. ఊలుదారం రెండు మిల్లీమీటర్లు; అంటే మా హద్దుగీత పది మీటర్ల వెడల్పు. రెండు మళ్ల మధ్య గట్టు తగాదా ఈ పటంతో తీరదు. అది గొలుసుసర్వే పని, డ్రోను పని. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు వాడారు. వాటిని తృణీకరించటం మన పని కాదు. కొడవలిని వదిలి గోళ్లతో కోయమనటం అభ్యుదయం కాదు. కాని చెట్లకింద వున్న ఊట డ్రోనుకు కనపడదు. కనిపించినా, ఎండాకాలంలో ఏ ఇంటివాళ్లు అక్కడికి దిగుతారో కనపడదు. అరసెంటీమీటరు ఖచ్చితంగా కొలిచి ఊట లేదని చెప్పే పటానికీ, ఇరవై మీటర్లు అటూయిటూగా ఊట వుందని చెప్పే పటానికీ మధ్య తేడా ఖచ్చితత్వం తేడా ఒక్కటే కాదు. ఆ ఉద్యోగితో ఇంతా చెప్పాను. ఆయన విన్నాడు. షేప్‌ఫైలు పెన్‌డ్రైవులో ఇమ్మన్నాడు. గ్రామసభ తీర్మానం సంగతి చెప్పి, అచ్చుపటమూ పెద్దల వాఙ్మూలాలూ ఇచ్చి వచ్చాం.

వానాకాలంలో అట్ట చెమ్మకు ఉబ్బింది. కొండ ఒకవైపు పొట్ట వేసింది, రంగులు కారాయి. కుర్రాళ్లు బడిపిల్లల చేత మరమ్మతు చేయిస్తున్నప్పుడు, రెండోరోజు అడ్డాకుల తోవ అడిగిన ఆమే వచ్చిందట. జీడితోట ఉన్న చోటు చూపించి, ఆ భూమిలో తన మామ పేరున వున్న చెక్కకు దారం వెయ్యమందట. షావుకారు సంగతి అడిగితే, “అప్పు ఆయనది, బూవి నాది, రెండూ ఏరేరుగా ఎయ్యండి,” అందట. ఎలా వెయ్యాలని వాళ్లు నాకు ఫోను చేశారు, ఆ బండమీదినుంచే. మా పట్టికలో దానికి రంగు లేదు. తాకట్టుకు ఏ పటంలోనూ రంగు వుండదు. గ్రామసభలో అడగమన్నాను. వచ్చే శనివారం సభ వుంది. ఒప్పుకుంటే ఆ ఒక్క గడిని మళ్లీ ఫోటో తీయాలి. వెదురుబొంగు ఇంకా దూలానికే కట్టివుందని చెప్పారు.